గేటు వేషం కట్టిన పిల్లాడు: డ్రామా థెరపీ కబుర్లు

యాంకర్: అందరికీ నమస్తే. ఈరోజు మన గెస్ట్ పిల్లలతో డ్రామా థెరపీ చేస్తారు, అంటే వేషాలూ కథలూ ఆటలతో మనసులోని బాధకు చికిత్స. మేడమ్, ఈ పేరు చెప్పగానే మా అక్క ఏమందో తెలుసా? "మావాడికి యాన్యువల్ డేలో చెట్టు వేషం ఇచ్చారు, అదేనా?" అంది.

గెస్ట్: (నవ్వుతూ) చెట్టు వేషానికేం, మంచిదే. కానీ అది చూసేవాళ్ల కోసం. మా దగ్గర చూసేవాళ్లుండరు. డైలాగులు బట్టీ పట్టడం ఉండదు, కప్పులూ మెడల్సూ ఉండవు. బాగా నటించాడా లేదా అన్నది అసలు లెక్కలోకే రాదు.

యాంకర్: మరి ఏం చూస్తారు?

గెస్ట్: నోటితో చెప్పలేనిది ఆటలోకి వస్తోందా అని. ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి కూర్చోబెట్టి "ఎందుకురా అలా ఉన్నావ్?" అంటే "ఏం లేదు" అంటాడు. పెద్దవాళ్లమే చెప్పలేం, వాడేం చెప్తాడు! చేతికి బొమ్మనిస్తే బొమ్మ చెప్తుంది. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడూ బంగారక్కా ఎంత మాటన్నా జనం నవ్వుకుంటారే గానీ కోపగించుకోరు. అన్నది బొమ్మ కదా. పిల్లలకు కావాల్సింది ఆ వెసులుబాటే.

యాంకర్: అంటే సొంత కథ ఆడించరా? "ఈ కుర్చీలో మీ నాన్న ఉన్నాడనుకో, అడిగెయ్" అన్నట్టు?

గెస్ట్: అది సైకోడ్రామా. జేకబ్ మొరీనో అనే డాక్టర్ మొదలుపెట్టారు. ఆయన కుర్రతనంలో, 1900ల తొలినాళ్లలో, వియన్నా పార్కుల్లో పిల్లల్ని పోగేసి కథలు చెప్పేవారు, వాళ్ల ఆటలు గమనించేవారు. సైకోడ్రామాలో మన కథ మనమే ఆడతాం. చిన్నపిల్లల్ని నేరుగా అంత దగ్గరికి తీసుకెళ్తే చాలామంది బిగుసుకుపోతారు. అందుకే మేం ఎక్కువగా కల్పిత కథతో పోతాం. అమెరికాలో రాబర్ట్ లాండీ అనే డ్రామా థెరపిస్ట్ ఈ దూరం సంగతి మీద చాలా పనిచేశారు. మరీ దగ్గరైతే ఏడుపులో మునిగిపోతాం, మరీ దూరమైతే ఏదీ తగలదు. మధ్యలో ఒకచోట బాధా తెలుస్తుంది, బుర్రా పనిచేస్తుంది. మా ప్రయత్నమంతా పిల్లాణ్ణి అక్కడ నిలబెట్టడానికే.

యాంకర్: ఒక సెషన్ ఎలా ఉంటుందో చెప్పండి.

గెస్ట్: నేను ఎక్కువగా వాడేది ఆరు గళ్ల కథ. ఇజ్రాయెల్‌లో లెబనాన్ సరిహద్దు దగ్గర కిర్యాత్ ష్మోనా అని ఒక ఊరుంది, రాకెట్ దాడులు చూసిన ఊరు. అక్కడ పనిచేసిన మూలీ లాహాద్ అనే సైకాలజిస్ట్ దీన్ని తయారుచేశారు. తెల్లకాగితం మీద ఆరు గళ్లు. మొదటిదాంట్లో హీరో, మనిషే కానక్కర్లేదు. తర్వాత ఆ హీరో చెయ్యాల్సిన పని, సాయం చేసేవాళ్లు, అడ్డొచ్చేది, దాన్ని ఎలా దాటాడు, చివరికేమైంది. గీతలు గీసినా చాలు.

యాంకర్: ఓ కేసు చెప్తారా?

గెస్ట్: వివరాలు మార్చి చెప్తాను. మూడో తరగతి పిల్లాడు. ఊరు మారి వచ్చారు, స్కూల్లో నోరు విప్పడు. వాడి హీరో ఆటో. పనేమో అమ్మమ్మ ఊరెళ్లడం. సాయం గడి ఖాళీ. అడ్డం దగ్గర పెద్ద గేటు గీశాడు, కాగితం చిరిగేంత గట్టిగా. తర్వాతి రెండు గళ్లూ ఖాళీ. నేనేం అడగలేదు, ఆడదాం పద అన్నాను. వాడే ఆటో అవుతాడనుకున్నా. "మీరు ఆటో, నేను గేటు" అని చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. హారన్ కొట్టాను. "తెరవను. ఏడ్చేవాళ్లకి తెరవను" అని అరిచాడు. వాడి గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు.

యాంకర్: అమ్మో! అప్పుడు "నిన్ను ఏడవొద్దని ఎవరన్నారు నాన్నా" అని...

గెస్ట్: అస్సలు అడగం! అక్కడితో ఆట చెడిపోతుంది. నేను ఆటోని కదా, ఆటోలాగే అడిగాను. "గేటుగారూ, ఏడుపు అయిపోయేదాకా ఇక్కడే ఆగొచ్చా?" కాసేపు ఆలోచించి, "పార్కింగు పది రూపాయలు" అన్నాడు.

యాంకర్: (గట్టిగా నవ్వు) సిటీకొచ్చి బాగానే నేర్చుకున్నాడు!

గెస్ట్: కొన్ని వారాలు పోయాక వాడు ఆటో అయ్యాడు, నేను గేటు. ఏడుస్తూ వచ్చిన ఆటోకి ఎలా తెరవాలో నాకు నేర్పించాడు. మూడో గడిలో వాచ్‌మన్‌ని గీశాడు. మ్యాజిక్ జరిగిందనను. క్లాసులో పక్కబెంచీ పిల్లాడితో మాట్లాడుతున్నాడని టీచర్ చెప్పారు, అంతే.

ఇంకోటి. ఆట అయ్యాక వేషం దించాలి. "నేను గేటుని కాదు, నా పేరు ఫలానా, మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాను" అని చెప్పించి, కండువా దులిపి పక్కన పెట్టిస్తాం. దీన్ని ఎగ్గొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దయ్యం వేషం వేయించి, గంట కొట్టగానే లెక్కల క్లాసుకి తోలేస్తే ఎలా?

యాంకర్: ఇంట్లో అమ్మానాన్నలు ఇవన్నీ చెయ్యొచ్చా?

గెస్ట్: ఆడండి, థెరపీ మాత్రం చెయ్యకండి. వాడు టీచరై మిమ్మల్ని బెంచీ ఎక్కిస్తే ఎక్కండి. ఎవరు ఏ వేషమో వాణ్ణే చెప్పనివ్వండి. మధ్యలో "అయితే మీ టీచర్ కొడుతోందా?" అని విచారణ పెట్టకండి.

యాంకర్: నిజంగానే ఎవరో హింసిస్తున్నారని బయటపడితే?

గెస్ట్: అప్పుడు ఆట పక్కన పెట్టాలి. గుచ్చి గుచ్చి అడక్కుండా, పిల్లాడు అన్న మాటలు అన్నట్టే రాసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి. లైంగిక వేధింపని అనుమానమొచ్చినా సరే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. థెరపిస్టునైనా నేను గుట్టుగా ఉంచడానికి లేదు. పిల్లాడు తిండీ నిద్రా మానేసినా, చచ్చిపోతానంటున్నా ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, 14416కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు.

యాంకర్: మంచి థెరపిస్టును ఎలా పోల్చుకోవాలి?

గెస్ట్: బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా డ్రామాథెరపిస్టునని చెప్పుకోవడం నేరం. మన దగ్గర శని, ఆదివారాల వర్క్‌షాప్ చేసొచ్చి బోర్డు కట్టేవాళ్లున్నారు. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్లు, మీ పనిని చూసే సీనియర్ ఎవరు అని మొహమాటపడకుండా అడగండి. సెషన్‌లో వీడియో తీస్తారా అని కూడా అడగండి. తీసి ఇన్‌స్టాలో పెట్టే రకమైతే పిల్లాణ్ణి తీసుకుని అటునుంచి అటే వచ్చేయండి.