పొగగొట్టం ఎక్కే మనిషి

శ్రోతలందరికీ నమస్కారం. మిర్యాలగూడ వైపు వెళ్లేవాళ్లకు రైస్ మిల్లుల పొగగొట్టాలు కొత్తేం కాదు. వడ్లు ఉడకబెట్టే బాయిలర్‌కి ఊక మండిస్తారు, ఆ పొగంతా వాటిలోంచే పోతుంది. ఇంకాస్త ముందుకెళ్తే దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం, 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, దాని చిమ్నీలు ఎంతో దూరం నుంచే కనబడతాయి. ఇట్లాంటివి కట్టినప్పుడు కొబ్బరికాయలు కొట్టి ఫొటోలు దిగుతాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి వాటిని ఎక్కి బాగుచేసే మనిషి మాత్రం ఎవరికీ గుర్తుండడు. నేను మాట్లాడేది ఆ మనిషి గురించే.

రేకు పొగగొట్టం చాలాసార్లు పై కొస దగ్గరే ముందు పాడవుతుంది. పైకి పోయేకొద్దీ పొగ చల్లబడి తేమ లోపలి గోడకు పడుతుంది, దానికి వాన తోడవుతుంది. బయట రంగు బాగానే ఉంటుంది, లోపల రేకు తుప్పుపట్టి పలచబడుతుంది. కింద నిలబడి చూస్తే తెలియదు, ఎవరో ఒకరు ఎక్కాల్సిందే.

ఇంగ్లండ్‌లో బోల్టన్ అనే ఊళ్లో ఫ్రెడ్ డిబ్నా అని ఒకాయన ఉండేవాడు, 1938లో పుట్టి 2004లో పోయాడు. మిల్లుల ఇటుక చిమ్నీలు ఎక్కడమే ఆయన బతుకుదెరువు. గోడకు చిన్న రంధ్రం చేసి, అందులో చెక్క బిగించి, దానికి ఇనుప కొక్కెం దిగ్గొట్టి నిచ్చెన కట్టేవాడు, ఆ నిచ్చెన మీద నిలబడి దానిపైన ఇంకోటి, అట్లా కొస దాకా. కూల్చాల్సి వస్తే అడుగున ఇటుకలు తీసేస్తూ కట్టెలు ఊతంగా పెట్టి, చివరికి ఆ కట్టెలకే నిప్పు పెట్టేవాడు. అవి కాలిపోగానే చిమ్నీ ఆయన అనుకున్న దిక్కుకే ఒరిగేది.

మన దగ్గర ఈ పని ఎక్కువగా ఊరి వాటర్ ట్యాంకు మీద ఉంటుంది. ఫ్లోరైడ్‌తో నల్లగొండ పడ్డ గోస అందరికీ తెలుసు, ఆ నీళ్లు మాన్పించడానికే ఊరూరికీ కృష్ణా నీళ్లు, ట్యాంకులు వచ్చాయి. వాటిని కాపాడుకోవడం చిన్న విషయం కాదు. ట్యాంకు అడుగున పెచ్చులు ఊడుతున్నాయంటే లోపలి ఇనుప సీకు తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తోందని అర్థం. తెలిసిన మేస్త్రీ ముందు సుత్తితో తట్టి చూస్తాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, గుల్లబారినచోట డొల్ల చప్పుడు వస్తుంది. ఆ డొల్లంతా చెక్కేసి, సీకు మెరిసేదాకా వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు పట్టని పూత పూసి, అప్పుడు మాలు పెట్టాలి. ఇదేమీ చెయ్యకుండా పైన సిమెంటు పూసి సున్నం కొడితే అది రిపేరు కాదు, కొన్నాళ్లకు ఆ ముక్కే ఎవరి నెత్తినో పడుతుంది.

పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టినవాళ్లు, వాళ్లకు ధైర్యం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ వాడికి భయం లేదులే అని చెప్పి ఒక్క మోకుతో పైకి పంపడం నాకు అసలు నచ్చదు. తాళ్లు రెండుండాలి. ఒకటి మనిషి బరువు మోసేది, రెండోది ప్రాణం కోసం, అది వేరేచోట కట్టింది అయి ఉండాలి, ఎందుకంటే రెండూ ఒకే కడ్డీకి కడితే ఆ కడ్డీ ఊడిన రోజు రెండూ పోతాయి. నడుముకు కట్టే బెల్టు సరిపోదు, పడ్డప్పుడు నడుమే విరగొచ్చు. భుజాలకు, తొడలకు పట్టే హార్నెస్ కావాలి. దాని ఖర్చు పని చేయించేవాళ్లదే, కూలీది కాదు. పంచాయతీలో ఈ పని అప్పజెప్పేటప్పుడు సర్పంచి గానీ వార్డు మెంబరు గానీ రెండో తాడు ఎక్కడ కడతారని అడిగితే చాలు, కాంట్రాక్టరు జాగ్రత్తపడతాడు.

ఇంకొక్క మాట, ట్యాంకుల కింద పెద్ద తేనెటీగలు పట్లు పెడతాయి. సుత్తి చప్పుడుకు అవి లేస్తే తాడు మీద ఉన్నవాడికి పరుగెత్తే దారి ఉండదు. పనికి ముందు రోజే ట్యాంకు చుట్టూ తిరిగి చూడండి, పట్టు కనబడితే తెలిసినవాళ్లతో తీయించాకే మనిషిని ఎక్కించండి. సెలవు.