గీతలన్నీ నిండుగా ఉన్నా వీడియో ఎందుకు ఆగుతోంది? వైఫై రిపీటర్ ఎక్కడ పెట్టాలి?

[దృశ్యం: మేడ మీద గది. మంచం పక్క ప్లగ్గులో రిపీటర్. చేతిలో ఫోన్.]

నమస్కారం. ఈ ఫోన్ తెర చూడండి. వైఫై గుర్తు నిండుగా ఉంది, ఒక్క గీత కూడా తగ్గలేదు. ఇప్పుడు ఒక వీడియో నొక్కుతున్నాను. తిరుగుతోంది... ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇది తణుకులో మా అక్క వాళ్లిల్లు. కింద హాల్లో ఫైబర్ కనెక్షన్ ఉంది, 100 ఎంబీపీఎస్ ప్లాన్. మేనకోడలు చదువుకునేది మేడ మీద ఈ గదిలో. ఇక్కడికి సిగ్నల్ అందట్లేదని బావగారు ఒక రిపీటర్ కొని, ఈ గదిలోనే, మంచం పక్కన పెట్టారు. వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, గీతలన్నీ నిండుగానే చూపిస్తోంది, పాపకి క్లాసు మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది. డబ్బా పాడైందంటావా?"

డబ్బా బాగానే ఉంది. పెట్టిన చోటే తప్పు. వెయ్యి, పదిహేను వందలు పోసి కొన్న వస్తువును చాలా ఇళ్లలో ఇలాగే పెడుతున్నారు, పని చేయట్లేదని అటక మీద పడేస్తున్నారు. అందుకే ఈ వీడియో.

[దృశ్యం: కాగితం మీద బొమ్మ. పొలం, ఒక చివర రోడ్డు, ఇంకో చివర మోటారు.]

రోడ్డు మీద నాన్న నిలబడి ఉన్నాడు. పొలం ఆ చివర మోటారు దగ్గర కొడుకు. "మోటారు కట్టెయ్యరా" అని నాన్న కేకేస్తే అక్కడికి వినపడదు. మధ్యలో గట్టు మీద ఒక కుర్రాడిని నిలబెడితే, వాడు విని, అదే మాట మళ్లీ కేకేస్తాడు. రిపీటర్ చేసే పని అదే. రౌటర్ చెప్పింది వింటుంది, మళ్లీ చెబుతుంది. కొత్తగా ఇంటర్నెట్ పుట్టించదు.

ఇప్పుడు ఆ కుర్రాడిని తీసుకెళ్లి మోటారు పక్కనే నిలబెట్టండి. కొడుక్కి వాడి గొంతు ఖంగుమని వినిపిస్తుంది. కానీ నాన్న ఏమన్నాడో వాడికే వినపడలేదు. అక్క ఇంట్లో జరిగింది ఇదే. ఫోన్‌లో కనిపించే గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య సంగతి చెబుతాయి. రిపీటర్‌కీ రౌటర్‌కీ మధ్య ఎలా ఉందో ఆ గీతల్లో తెలియదు.

కాబట్టి రిపీటర్‌ని సిగ్నల్ లేని చోట పెట్టకూడదు. సిగ్నల్ ఇంకా బాగా ఉన్న చోట, అది తగ్గడం మొదలయ్యే ముందు పెట్టాలి.

ఆ బొమ్మలోనే ఇంకో సంగతి ఉంది. కుర్రాడు కేకేస్తున్నప్పుడు వినలేడు, వింటున్నప్పుడు కేకేయలేడు. చవక రిపీటర్లలో రేడియో, అంటే సిగ్నల్ అందుకుని పంపే భాగం, ఒక్కటే, 2.4 గిగాహెర్ట్జ్‌ది. వినడం, చెప్పడం రెండూ ఒకే ఛానెల్ మీద వంతులవారీగా చేస్తుంది. అందుకే ఎంత బాగా పెట్టినా వేగం దాదాపు సగానికి పడిపోతుంది. 100 వచ్చే చోట 40, 45 వస్తే అది లోపం కాదు. డ్యుయల్ బ్యాండ్ రకంలో రెండు రేడియోలుంటాయి, 2.4 బ్యాండ్‌కి ఒకటి, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఒకటి. ఒక బ్యాండ్ మీద విని ఇంకో బ్యాండ్ మీద చెప్పగలిగే మోడల్ అయితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. అట్ట పెట్టె మీద ఏసీ 1200 అని కనిపిస్తుంది చూడండి, అది 2.4 మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867 కలిపి వేసిన లెక్క. నిజంగా అందే వేగం కాదు. ఆ అంకె చూసి ఆశపడి కొనకండి.

[దృశ్యం: హాలు. టీవీ స్టాండు వెనక నుంచి రౌటర్ బయటికి తీస్తూ.]

అసలు రిపీటర్ కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. రూపాయి ఖర్చు లేదు. మన ఇళ్లలో రౌటర్ ఎక్కడుంటుంది? కనెక్షన్ ఇచ్చిన అబ్బాయికి వైరు ఎక్కడిదాకా సులువుగా వస్తే అక్కడ. వీధి గుమ్మం పక్కన, టీవీ వెనక, ఒక్కోసారి చెప్పుల స్టాండు మీద. ఇల్లంతా ఒక వైపు, రౌటర్ ఒక మూల. సగం సిగ్నల్ వీధిలోకే పోతుంది.

మన గోడలు చూడండి. బయటి గోడ తొమ్మిది అంగుళాల ఇటుక. పైన శ్లాబు, దాని నిండా ఇనుప చువ్వలు. ఇనుము సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది. బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం కూడా అంతే. నీళ్లు పీల్చేసుకుంటాయి, కాబట్టి పెద్ద చేపల తొట్టె పక్కన రౌటర్ పెట్టకండి. వంటింట్లో మైక్రోవేవ్ నడిచేది కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే, అది తిరుగుతున్నంతసేపు ఆ పక్కన వైఫై తడబడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, కానీ గోడ దాటే సత్తువ 2.4 కంటే తక్కువ.

ఇక్కడ నేను చేసింది ఇంతే. టీవీ వెనక ఉన్న రౌటర్‌ని తీసి, వైరు అందినంత దూరం జరిపి, గోడకి మేకు కొట్టి ఎత్తున పెట్టాను. ఫైబర్ వైరుని మాత్రం మడత పడేలా వంచకండి, లోపల ఉన్నది గాజు. ఈ చిన్న మార్పుకే కింద పడగ్గదిలో సమస్య పోయింది. మేడ మీదకి మాత్రం ఇది సరిపోలేదు.

[దృశ్యం: ఫోన్‌లో వైఫై కొలిచే యాప్. మెట్లెక్కుతూ అంకె మారడం చూపించాలి. ఈ భాగం కోతలు లేకుండా.]

గీతలు నమ్మకండి, అంకె చూడండి. వైఫై అనలైజర్ లాంటి ఉచిత యాప్ ఒకటి పెట్టుకుంటే సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చూపిస్తుంది. అది మైనస్ అంకె. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మైనస్ 50 అంటే చాలా బాగుంది. మైనస్ 65 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. 75 దాటితే ఇబ్బంది. 85 దగ్గర ఇక లేనట్టే. ఇందులో పది అంకెలు తగ్గితే కొంచెం తగ్గిందనుకోకండి, అందే శక్తి పదో వంతుకి పడిపోయినట్టు.

నాతో నడవండి. హాల్లో మైనస్ 42. మొదటి మెట్టు దగ్గర 51. మెట్లు తిరిగే మలుపులో 60. పైకొచ్చి తలుపు దాటగానే 74. మంచం దగ్గర 84.

చూశారా? రిపీటర్ మొదట ఉన్నది ఈ 84 దగ్గర. ఇప్పుడు దాన్ని మెట్ల మలుపులో, 60 ఉన్న చోట, లైటు స్విచ్ కింద ప్లగ్గులో పెడుతున్నాను. చాలా మోడళ్ల మీద ఒక చిన్న దీపం ఉంటుంది. రౌటర్ మాట బాగా అందితే ఒక రంగు, అందకపోతే ఎరుపు. మంచం పక్కన ఉన్నన్నాళ్లూ ఇది ఎర్రగానే వెలుగుతోందట. అదేదో మామూలు దీపమే అనుకున్నారు.

మళ్లీ గదిలోకి వెళ్దాం. ఇప్పుడు గీతలు మునుపటికంటే ఒకటి తక్కువే. కానీ వేగం 38 ఎంబీపీఎస్. నిన్న ఇదే చోట 2 దాటలేదు. వీడియో నొక్కుతున్నాను... ఆడుతోంది.

[దృశ్యం: రిపీటర్ సెట్టింగులు.]

బిగించడం సులువు, త్వరగా చెప్పేస్తాను. రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండానే రెండింటినీ కలిపేది) ఉంటే అది నొక్కి, రెండు నిమిషాల్లోపు రిపీటర్ మీద అదే బటన్ నొక్కండి. లేకపోతే ఫోన్‌ని రిపీటర్ వైఫైకి కలిపి, దాంతో వచ్చిన పుస్తకంలో ఉన్న చిరునామాని బ్రౌజర్‌లో తెరిచి, మీ ఇంటి వైఫై ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి. రౌటర్ పక్కనే పెట్టి ఇదంతా పూర్తి చేసి, తర్వాత అసలు చోటికి మార్చండి.

పేరు విషయంలో కొంచెం ఆగుదాం. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే ఫోన్ తనే మారుతుంది. కానీ మొండి ఫోన్లుంటాయి. మేడ మీదకి వచ్చినా కింద రౌటర్‌నే పట్టుకుని వేలాడతాయి. అలాంటప్పుడు రిపీటర్‌కి వేరే పేరు పెట్టి, మీరే ఎంచుకోవడం మేలు. అక్క వాళ్లకి నేను "మేడ" అని పెట్టాను. అక్కకి కూడా ఏది దేనిదో వెంటనే తెలుస్తోంది.

సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ కూడా మార్చండి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే ఉంచకండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేయండి. 2017లో వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2లోనే క్రాక్ అనే లోపం బయటపడింది. ఫోన్లతో పాటు రిపీటర్లకీ అప్‌డేట్ కావాల్సి వచ్చింది. గోడకి పెట్టి మర్చిపోయే వస్తువు కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇంకొకటి, ఇది అక్క రెండో ఫోన్ కాల్‌లో తెలిసింది. కరెంటు పోయినప్పుడు రౌటర్ ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉంది, మేడ మీద మాత్రం నెట్ పోయింది. మెట్ల మలుపులోని ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లేదు. మీరు చోటు ఎంచుకునేటప్పుడే ఆ ప్లగ్గు ఇన్వర్టర్ మీద ఉందో లేదో చూసుకోండి. పరీక్షల రోజుల్లో కరెంటు పోతే పిల్లల టెన్షన్ మామూలుగా ఉండదు.

వైఫై రిపీటర్‌కి మనం ఎవరి అనుమతీ తీసుకోనక్కర్లేదు. కానీ ఆన్‌లైన్‌లో మొబైల్ సిగ్నల్ బూస్టర్లు అని అమ్ముతుంటారు, అవి వేరు. సెల్ టవర్ సిగ్నల్‌ని పెంచే పెట్టెని మన దేశంలో అనుమతి లేకుండా సొంతంగా పెట్టుకోవడం చట్టవిరుద్ధం. అది చుట్టుపక్కల వాళ్ల ఫోన్లకి కూడా అడ్డు తగులుతుంది. ఇంట్లో టవర్ అందకపోతే ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. ఖర్చు లేదు.

[దృశ్యం: హోటల్ గది. బల్ల మీద అరచేతిలో పట్టే చిన్న రౌటర్.]

ప్రయాణంలో సంగతి కొంచెం వేరు. హోటల్ వైఫైకి మామూలు రిపీటర్ తగిలిస్తే తరచూ పని చేయదు. ఎందుకంటే అక్కడ ముందు ఒక పేజీ వస్తుంది, గది నంబరో ఓటీపీనో ఇవ్వాలి. పైగా గదికి రెండు ఫోన్లే అని లెక్క పెడతారు. ట్రావెల్ రౌటర్ అనే చిన్నది ఇలాంటి చోటికి సరిపోతుంది. దాని సెట్టింగుల్లో విస్ప్ (WISP) అనే మోడ్‌లో పెడితే అది హోటల్ వైఫైకి ఒకే పరికరంలా కలుస్తుంది. దాని వెనక మీ ఇంటిల్లిపాదీ మీ సొంత పేరు, పాస్‌వర్డ్‌తో కలవొచ్చు. లాగిన్ పేజీ ఒక్క ఫోన్‌లో పూర్తి చేస్తే చాలు.

అది కొనక్కర్లేకుండానే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు వైఫై తీసుకుంటూనే హాట్‌స్పాట్ ఇవ్వగలవు. విండోస్ 10, 11 ల్యాప్‌టాప్‌లో మొబైల్ హాట్‌స్పాట్ కూడా ఇదే చేస్తుంది. రెండు రోజుల ప్రయాణానికి ఇది చాలు. బ్యాంకు పనులు మాత్రం హోటల్ వైఫై మీద కాకుండా మొబైల్ డేటాతో చేసుకోండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఇక్కడి రిపీటర్ తీసుకెళ్తుంటే అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూడండి. అక్కడ 120 వోల్టులే, ప్లగ్గు కూడా చదును పిన్నులది. నేరుగా గోడకి గుచ్చే రిపీటర్‌కి మార్పిడి ప్లగ్గు కావాలి.

[దృశ్యం: మళ్లీ తణుకు. మెట్ల పక్క గోడ.]

చివరిగా అక్క ఇంటికే వద్దాం. మెట్ల మలుపులో రిపీటర్ బాగానే నడుస్తోంది. కానీ నన్నడిగితే మేడ ఉన్న ఇంటికి అన్నిటికంటే మంచి దారి ల్యాన్ కేబుల్, అంటే రౌటర్ నుంచి నెట్‌ని తీసుకెళ్లే వైరు. వంద మీటర్ల దాకా వేగం తగ్గకుండా వెళ్తుంది. పైన దాని కొసకి ఇదే రిపీటర్‌ని, ఆ వైరు గుచ్చే పోర్టు ఉంటే, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చేలా పెట్టుకోవచ్చు. అప్పుడది గాలిలో వినాల్సిన పని లేదు, వేగం సగమయ్యే బాధ లేదు. దసరాకి ఇంటికి రంగులు వేయిస్తున్నారట. రంగుల కంటే ముందే మెట్ల పక్కన గోడ కొట్టించి ఒక పైపు వేయించమని బావగారికి చెప్పాను. సరేనన్నారు. ఎంత కేబుల్ పడుతుందో ఇవాళే కొలుస్తున్నాం.

[దృశ్యం: అక్క కింద టేపు పట్టుకుంది, మేనకోడలు పైనుంచి రెండో కొస లాగుతోంది.]