బోర్డు గది బయట ఒక తల్లి: పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలపై కేసు పడితే ఎవరు సాయం చేస్తారు?

(దృశ్యం: పోలీస్ స్టేషన్ మెట్ల మీద ఒక తల్లి. చేతిలో పాలిథిన్ కవరు, అందులో కొడుకు పదో తరగతి మెమో.)

వ్యాఖ్యానం: పదహారేళ్ల కొడుకును బైకు దొంగతనం కేసులో తీసుకొచ్చారని విని పరుగున వచ్చిన ఈ తల్లి, తెలిసో తెలియకో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితాన్నే వెంట తెచ్చుకున్నారు. పద్దెనిమిదేళ్లు నిండలేదని తేలితే ఆ అబ్బాయికి 2015 నాటి బాల న్యాయ చట్టం వర్తిస్తుంది. వయసు విషయంలో సందేహం వస్తే ముందుగా చూసేది బడి సర్టిఫికెట్టు లేదా పదో తరగతి సర్టిఫికెట్టునే. అవి లేకుంటే జనన ధ్రువపత్రం, అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష.

పిల్లవాణ్ణి లాకప్‌లో ఉంచకూడదు, బేడీలు వేయకూడదు. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా, పిల్లల కేసులు విచారించే బాల న్యాయ బోర్డు ముందు హాజరుపరచాలి. కన్నవారికి కబురు చేయడం కూడా పోలీసుల బాధ్యతే.

(దృశ్యం: బోర్డు గది. మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారికి ఎదురుగా మామూలు కుర్చీలో అబ్బాయి.)

వ్యాఖ్యానం: ఆ ఇద్దరు సామాజిక కార్యకర్తల్లో ఒకరైనా మహిళ అయి ఉండాలి. ఈ గదిలో ఎత్తైన వేదిక గానీ, బోను గానీ ఉండకూడదని నియమాలే చెబుతున్నాయి. వకీలు ఫీజుకు అప్పు చేయనక్కర్లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా సరిపోతుంది. బెయిలు ఇవ్వడమే ఇక్కడ రివాజు. బెయిలు షరతులు నెరవేర్చలేక అబ్బాయి ఏడు రోజులైనా అబ్జర్వేషన్ హోమ్‌లోనే (విచారణ సాగే కాలంలో పిల్లలను ఉంచే చోటు) ఉండిపోతే, ఆ షరతులను సడలించడానికి అతణ్ణి మళ్లీ బోర్డు ముందుకు తీసుకురావాలి.

(దృశ్యం: ఇంటి వసారా. ప్రొబేషన్ అధికారి నోటుపుస్తకం తెరుస్తారు.)

వ్యాఖ్యానం: చాలా కుటుంబాలు పొరబడేది ఇక్కడే. బోర్డు కోసం ఇంటి పరిస్థితులు తెలుసుకోవడానికి వచ్చిన ప్రొబేషన్ అధికారిని మరో పోలీసు అనుకుని, "మావాడు బంగారం సార్, ఏ లోటూ లేదు" అని చెప్పి పంపించేస్తారు. ఆయన రెండు వారాల్లో రాయాల్సిన సామాజిక దర్యాప్తు నివేదికలో మాత్రం తండ్రికి పని పోయిన సంగతి, ఆరు నెలలుగా అబ్బాయి బడికి వెళ్లకపోవడం, సాయంత్రాలు ఎవరితో తిరుగుతున్నాడన్నది అన్నీ ఉండాలి, ఎందుకంటే బోర్డు కౌన్సెలింగ్‌కు పంపినా, సమాజ సేవ చేయమన్నా, ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడిక షరతుతో, కన్నవారికి అప్పగించినా, తప్పు చేసినట్టు తేలిన పిల్లలను ఉంచే స్పెషల్ హోమ్‌కు పంపినా, ముందు ఈ నివేదికను పరిగణనలోకి తీసుకోవాలి. పరువు పోతుందని దాచిన కష్టం ఆ కాగితంలో చేరదు. చేరని కష్టానికి బోర్డు సాయం చూపలేదు.

పదహారేళ్లు నిండినవారు ఘోర నేరం చేశారన్న ఆరోపణ ఉంటే దారి వేరు. వారిని పెద్దవారిలా విచారించాలా అన్నది తేల్చడానికి విడిగా ప్రాథమిక అంచనా ఉంటుంది. ఈ అబ్బాయిది మొదటి దొంగతనం, మామూలు దొంగతనం కేసే అయితే చట్టం లెక్కలో చిన్న నేరం (మూడేళ్లకు మించని శిక్ష ఉన్నది). అలాంటప్పుడు నాలుగు నెలల్లోనూ, పొడిగిస్తే మరో రెండు నెలల్లోనూ విచారణ తేలకపోతే, కేసు అంతటితో ముగిసిపోతుంది.