చలికాలం చేతులు: ఏమి రాయాలి, ఎప్పుడు రాయాలి

[దృశ్యం: శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. రేషన్ దుకాణం ముందు వరుస. వేలిముద్ర యంత్రం మీద ఒక పెద్దావిడ బొటనవేలు.]

వ్యాఖ్యాత (తెర వెనుక నుంచి): డిసెంబరు వచ్చిందంటే రేషన్ దుకాణాల్లో ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. “ముద్ర పడడం లేదమ్మా, తుడుచుకుని మళ్లీ పెట్టండి.” ఆవిడ కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. యంత్రం మళ్లీ కాదంటుంది. వేలి కొనలో చర్మం ఎండి, పొట్టు లేచి, గీతలకు అడ్డంగా చీలికలు పడ్డాయి. యంత్రానికి కావలసిన గీతలే అక్కడ చెదిరిపోయాయి. ఇలాంటప్పుడు కనుపాప ద్వారా, ముఖం ద్వారా కూడా ఆధార్ ధ్రువీకరణ చేయవచ్చు. ఆ సదుపాయం ఉందేమో అడగండి. ముద్ర పడుతుందని వేలికి నూనె రాసుకుని మాత్రం వెళ్లకండి. అద్దం మసకబారి, మీ వెనుక నిలబడ్డవారి ముద్ర కూడా పడదు.

[దృశ్యం: పొగమంచులో వరి కుప్పలు. గడ్డి కొసల మీద నీటి బొట్లు.]

వ్యాఖ్యాత (కెమెరా ముందు): “చలికి చేతులు పగిలాయి” అంటాం. ఆ మాటలో నిజం ఉంది కానీ సగమే. జనవరి తెల్లవారుజామున మన ఊళ్లు చూడండి. పొగమంచు, తడిసిన గడ్డి, చెమ్మగిల్లిన పెంకులు. ఎటు చూసినా తేమే. ఇంత తేమలో చేయి ఎందుకు ఎండిపోతోంది?

గాలి చల్లబడిన కొద్దీ అందులో పట్టే నీటి ఆవిరి తగ్గిపోతుంది. 30 డిగ్రీల గాలిలో ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల ఆవిరి పడుతుంది. 17 డిగ్రీల గాలిలో 14 గ్రాములకు కాస్త పైన పట్టదు. మిగిలినది మంచుగా దిగుతుంది. పొద్దెక్కి అదే గాలి 28 డిగ్రీలకు చేరినప్పుడు, అది మోయగలిగిన దానిలో సగమే దాని దగ్గర ఉంటుంది. పైగా ఈ నెలల్లో ఉత్తరం నుంచి నేల మీదుగా వచ్చే పొడిగాలి వాటా ఎక్కువ. ఇక మన చర్మం ఉండేది సుమారు 32 డిగ్రీల దగ్గర. చేతిని తాకిన గాలి అక్కడ వేడెక్కి, తనకు తక్కువైన నీటిని చేతి నుంచి తీసుకుంటుంది. ఉదయం కంటికి కనిపించే మంచును చూసి మోసపోకూడదు.

[దృశ్యం: అరచేయి దగ్గరగా. వేలి కణుపు మడతల దగ్గర సన్నటి ఎర్రటి గీతలు.]

ముఖానికి ఉన్న ఒక వసతి అరచేతికి లేదు. ముఖం మీద నూనె గ్రంథులు నిండుగా ఉంటాయి. అరచేతిలో, వేళ్ల లోపలి వైపు ఒక్కటి కూడా లేదు. అక్కడ ఉన్నవి చెమట గ్రంథులు, చలికి అవీ మందగిస్తాయి. చర్మం పైపొరలో బల్లపరుపుగా పేర్చినట్టు మృతకణాలు ఉంటాయి, వాటి మధ్య కొవ్వు పదార్థాలు ఉంటాయి. ఆ కొవ్వు లోపలి నీటిని బయటికి పోనివ్వదు. కొవ్వు పోతే నీరూ పోతుంది. నీరు పోయిన పొర సాగదు. నీరింకిన మడి బీటలు వారినట్టు అది చీలుతుంది, అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు, రోజంతా వంచి చాచే కణుపు గీతల మీద, బొటనవేలి గోరు పక్కన. గోరు పక్క చీలిక ఎంత చిన్నదైనా బొత్తాం పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది.

మరి ఆ కొవ్వును తీసేస్తున్నది ఎవరు? చలి కాదు. మనమే.

[దృశ్యం: విజయనగరంలో ఒక పెరడు. ఒకావిడ గిన్నెలు తోముతోంది. పక్కన వేన్నీళ్ల బకెట్.]

వ్యాఖ్యాత: పిన్నీ, చేతులకు ఏమి రాస్తున్నావు?

పిన్ని: రాత్రి పడుకునేటప్పుడు కొబ్బరి నూనె రాస్తాను బాబూ. తెల్లవారేసరికి బాగానే ఉంటాయి. మధ్యాహ్నానికి మళ్లీ మామూలే.

వ్యాఖ్యాత: పగలు రాయవా?

పిన్ని: పగలు రాస్తే గిన్నె చేతిలో నిలుస్తుందా? అయినా ఎన్నిసార్లు రాయమంటావు, చేయి ఆరిందెప్పుడు?

వ్యాఖ్యాత (కెమెరా వైపు తిరిగి): పిన్ని చివర అన్న మాటే అసలు విషయం. ధనుర్మాసం నెల రోజులూ ఆడవాళ్ల చేతుల మీద పడే పని ఒకసారి తలుచుకోండి. చీకటితోనే కళ్లాపి. తడి చేతులతోనే ముగ్గు పిండి. పండగ దగ్గరపడే కొద్దీ అటక మీది ఇత్తడి సామాన్లన్నీ దించి తోమడం, దుప్పట్లు ఉతకడం, గోడలకు వెల్ల వేయడం. ఏడాదిలో గాలి బాగా పొడిగా ఉండే రోజులూ, చేతులు ఎక్కువగా నీళ్లలో నానే రోజులూ ఒకేసారి వస్తాయి. సంక్రాంతి నాడు అరిసెలు వత్తే చేతులకు అప్పటికే నెత్తురు చీలికలు ఉంటాయి. ఇంట్లో మగవాళ్లు ఆ బకెట్లు, ఆ సామాన్లు కొన్ని పంచుకుంటే సగం వైద్యం అయినట్టే. ఇది సరదాకు అంటున్న మాట కాదు.

మామూలు సబ్బుకు క్షారగుణం ఉంటుంది. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ లెక్కలో (7 మధ్యస్థం, పైకి పోయే కొద్దీ క్షారం) అది 9 నుంచి 10. చర్మం పైపొరది 5కు అటూ ఇటూ, అంటే కొద్దిగా ఆమ్లం. సబ్బు తగిలిన ప్రతిసారీ ఆ సమతూకం చెడుతుంది, మళ్లీ కుదురుకోవడానికి గంటలు పడుతుంది. ఆలోపే ఇంకో విడత గిన్నెలు వస్తాయి. వేన్నీళ్లు హాయిగా ఉంటాయి కానీ కొవ్వును ఇంకా తొందరగా కడిగేస్తాయి. గోరువెచ్చటి నీళ్లు చాలు. తడిసిన సున్నం పీహెచ్ 12 పైమాటే. వెల్ల వేసేటప్పుడు రబ్బరు తొడుగులు లేకుండా చేయి పెట్టకూడదు. సిమెంటు పని చేసేవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

[దృశ్యం: బల్ల మీద కొబ్బరి నూనె సీసా, పెట్రోలియం జెల్లీ డబ్బా, గ్లిజరిన్ సీసా, తేనె మైనం ముద్ద.]

ఇక రాసుకునేవి. చేతిలోకి నీటిని లాగి పట్టుకునేవి కొన్ని, గరుకును మెత్తబరిచేవి కొన్ని, పైన మూతలా కూర్చుని ఉన్న నీటిని పోనివ్వనివి కొన్ని. గ్లిజరిన్ మొదటి రకం. దాన్ని నేరుగా చిక్కగా రాయకండి. గాలిలో తేమ లేనప్పుడు అది చర్మం లోపలి నీటినే పైకి లాగుతుంది. నీళ్లు కలిపి తడి చేతికి రాసి, పైన ఏదైనా జిడ్డు పూత వేయాలి.

కొబ్బరి నూనె మెత్తబరుస్తుంది, మంచిదే. ఉద్దానం కొబ్బరి తోటలు పక్కనే ఉన్నవాళ్లకు వేరే సిఫారసు ఎందుకు? కానీ 24 డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది. సీసా ఎండలో పెట్టే ఓపిక లేక ఉదయం పూట రాయడం మానేస్తాం. వెడల్పు మూత డబ్బాలో పోసుకుంటే గడ్డగా ఉన్నా వేలితో తీసి రాసుకోవచ్చు. నూనె పలచగా పాకి త్వరగా ఇంకిపోతుంది కాబట్టి మూత పనికి అది అంతగా చాలదు. ఆముదం చిక్కగా ఉంటుంది, ఇంకొంచెం సేపు నిలుస్తుంది. వెన్న, నెయ్యి కూడా మెత్తబరుస్తాయి, అయితే రాత్రి చీమలు వస్తే నన్ను అనకండి.

మూత పనికి పెట్రోలియం జెల్లీని మించినది దాదాపు లేదు. అమెరికాలో రాబర్ట్ చీజ్‌బ్రో అనే ఆయన 1872లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. నూట యాభై ఏళ్లు దాటినా చర్మవైద్యులు ఇప్పటికీ దీన్నే రాస్తున్నారు. వాసన లేదు, రంగు లేదు, ధర తక్కువ, అలర్జీ అరుదు. ఖరీదైన క్రీముల్లోని సువాసనలే పగిలిన చేతికి మంట పుట్టిస్తాయి. డబ్బు పెట్టి మంట కొనుక్కోవడం ఎందుకు?

ఇంట్లో చేసుకోవాలనే వారికి ఆయుర్వేదంలో సిక్థ తైలం ఉంది. ఒక పాలు తేనె మైనం, ఆరు పాళ్లు నువ్వుల నూనె. మైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి. నూనె గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా, మరిగే నీళ్ల గిన్నెలో దించి మైనం కరిగేదాకా కలపండి. దించి చల్లారనిస్తే మెత్తటి లేపనం అవుతుంది. మైనం మూత వేస్తుంది, నూనె మెత్తబరుస్తుంది. నాకు ఇది నచ్చింది. పొలం పనికి వెళ్లేటప్పుడు జేబులో పట్టే చిన్న డబ్బాలో పోసుకోవచ్చు.

యూరియా ఉన్న క్రీములు కూడా మందుల దుకాణంలో దొరుకుతాయి. 5 నుంచి 10 శాతం ఉన్నవి తేమను పట్టి ఉంచుతాయి. 20 శాతం దాటినవి మందంగా గట్టిపడిన చర్మాన్ని కరిగిస్తాయి. అవి మడమలకు సరే, చీలిన వేళ్లకు రాస్తే భగ్గుమంటాయి. ఎరువుల కొట్టులో దొరికే యూరియా గుళికలు నీళ్లలో కలిపి రాసుకుంటే పోలేదా అని మాత్రం అనుకోకండి. అది పైరుకు వేసేది.

[దృశ్యం: చేతులు కడిగి, తువ్వాలుతో అద్ది, వెంటనే జెల్లీ రాస్తున్న దృశ్యం.]

ఏది రాసినా సమయం ముఖ్యం. చేతులు కడిగిన తరువాత తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. ఇంకా చెమ్మ ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో రాయండి. ఎండిన చేతికి జెల్లీ రాస్తే ఎండిన దానికే మూత వేసినట్టు. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా వచ్చేంత తీసుకుంటే ఒక చేతికి, రెండు వైపులకూ సరిపోతుంది. అంతకు మించి రాస్తే పిన్ని చెప్పినట్టు గిన్నె జారుతుంది. డబ్బా పడకగదిలో కాదు, కుళాయి దగ్గర పెట్టండి. పడకగదిలో ఉన్న డబ్బా రోజుకు ఒక్కసారే తెరుచుకుంటుంది.

[దృశ్యం: పలాసలో జీడిపప్పు కర్మాగారం. గింజలు కొడుతున్న ఆడవాళ్లు, నల్లబడిన వేళ్లు.]

పనికి ముందు రాసుకోవడం అనే పద్ధతి జీడి పరిశ్రమలో పాతదే. జీడి పెచ్చులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే ఘాటైన పదార్థాలు ఉంటాయి. అవి చర్మాన్ని కాల్చి పొరలు పొరలుగా లేపుతాయి. గింజ కొట్టేవారు ముందుగానే చేతులకు ఆముదమో బూడిదో పట్టించుకుని కూర్చుంటారు. తొడుగులు వేసుకోవడమే మేలు, అయితే గింజ పట్టు చిక్కదని చాలామంది తీసేస్తారు. జీడి నూనెతో వచ్చిన పుండు చలి పగులు కాదు, దానికి వైద్యం వేరు. కానీ ముందుగా పూత వేయడం అనే సూత్రం గిన్నెలు తోమేవారికీ, వరి మోపులు కట్టేవారికీ, కొబ్బరి పీచు పని చేసేవారికీ పనికొస్తుంది. పలచగా రాసి, పైన నూలు తొడుగు, దాని మీద రబ్బరు తొడుగు. రబ్బరు ఒక్కటే వేసుకుంటే లోపల చెమట పట్టి ఇంకో రకం తంటా. ఇరవై నిమిషాలకొకసారి తీసి ఆరనివ్వండి.

[దృశ్యం: రాత్రి. చేతులకు పాత నూలు మేజోళ్లు తొడుక్కుంటున్న మనిషి.]

లోతైన చీలికకు రాత్రి ఒక పద్ధతి చేయండి. పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో చేతులు ఉంచి, అద్ది, చీలిక నిండేలా జెల్లీ పెట్టి, ఉతికిన నూలు మేజోళ్లు చేతులకు తొడిగి పడుకోండి. చూడడానికి నవ్వు వస్తుంది, రెండు మూడు రాత్రుల్లో తేడా తెలుస్తుంది. పగలు ఆ చీలిక మళ్లీ తెరుచుకోకుండా చిన్న ప్లాస్టరు అంటించండి. లేచిన పొట్టును పళ్లతో కొరకవద్దు. నిమ్మరసం, టూత్‌పేస్టు, పసుపు కలిపిన సున్నం, కిరోసిన్, చెప్పులు అతికించే జిగురు, ఇవేవీ చేతి దగ్గరికి రానివ్వకండి. చలిమంట దగ్గర కూర్చున్నా చేతులు మరీ దగ్గరగా చాచకండి.

[దృశ్యం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు బల్ల మీద కూర్చున్న రోగులు.]

రెండు వారాలు శ్రద్ధగా చేసినా తగ్గకపోతే అది ఉత్త పొడితనం కాకపోవచ్చు. వేళ్ల సందుల్లో రాత్రిపూట విపరీతమైన దురద, ఇంట్లో ఇంకొకరికీ ఉంటే గజ్జి అనుకోవాలి. ఒక్క చేతికే పొట్టు లేస్తూ పాదాలకూ ఉంటే తామర కావచ్చు. నీటి పొక్కులు, చెమ్మ కారడం ఉంటే ఎగ్జిమా అనే చర్మపు వాపు కావచ్చు. చీము, వాపు, మోచేతి వైపు పాకే ఎర్రదనం ఉంటే ఆగకూడదు. మధుమేహం ఉన్నవారు చిన్న చీలికను కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది నొప్పి లేని చీలిక. లోతుగా పగిలినా నొప్పి తెలియకపోయినా, వేడి గిన్నె పట్టుకున్నా కాలినట్టు అనిపించకపోయినా, చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉన్నా కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే వేళ్లు వంకర పోతాయి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

మందుల దుకాణంలో అడిగితే చేతికి ఇచ్చే మూడు నాలుగు మందుల కలయిక ట్యూబులు కొనకండి. వాటిలో చాలావరకు బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. మూడు రోజులు మాయ చేసినట్టు తగ్గి, ఆపగానే రెట్టింపుగా తిరగబెడుతుంది. తామర ఉన్నచోట రాస్తే అది లోలోపల పాకిపోతుంది. స్టెరాయిడ్ అవసరమయ్యే జబ్బులూ ఉన్నాయి, కానీ ఏది, ఎన్ని రోజులు అనేది డాక్టరు చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోవచ్చు. వెళ్లే రోజు చేతికి ఏమీ రాయకుండా వెళ్లండి. ఇంతవరకు వాడిన ట్యూబులు, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.