పిల్లల చదువుల ఊరే మన విడిది

శ్రోతలకు నమస్కారం.

విదేశంలో చదువుకుంటున్న కొడుకునో కూతురినో చూడడానికి బయలుదేరే తల్లిదండ్రులకు అయినవాళ్లందరూ ఇచ్చే సలహా ఒకటుంది. "ఎలాగూ అంత డబ్బు పోసి వెళ్తున్నారు కదా, పనిలో పనిగా పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ కూడా చుట్టి వచ్చేయండి" అంటారు. ఆ మాట పట్టుకుని వెళ్లినవాళ్లు పది రోజుల్లో అయిదారు దేశాలు తిరిగి, రోజుకో హోటల్లో పెట్టెలు విప్పి కట్టి, చివరి రెండు రోజులు పిల్లల గదిలో అలసిపోయి పడుకుని తిరిగి వస్తారు. నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. పిల్లలు చదువుకునే ఊరినే విడిదిగా చేసుకుని, మూడు వారాలో నెల రోజులో అక్కడే ఉండి, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రాగలిగిన చోట్లను మాత్రమే తీరిగ్గా చూడడం అన్ని విధాలా మేలు. ఇందుకు ఉదాహరణగా ఆఖెన్ నగరాన్ని తీసుకుందాం. జర్మనీకి పడమటి కొసన, బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులను ఆనుకుని ఉన్న ఊరు అది. 1870లో మొదలైన అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివే భారతీయ విద్యార్థుల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఎప్పుడు వెళ్లాలన్నది. జర్మనీలో వేసవి సెమిస్టరు పాఠాలు ఏప్రిల్‌లో మొదలై జూలై మధ్య వరకు జరుగుతాయి. ఆ తరువాత అక్టోబరు దాకా పాఠాలు ఉండవు కనుక ఆగస్టులో వెళ్తే పిల్లలు ఖాళీగా ఉంటారని మనం లెక్క వేసుకుంటాం. అయితే పాఠాలు లేని ఆ నెలల్లోనే పరీక్షలు పెడతారు, ప్రాజెక్టు నివేదికలు అడుగుతారు, చేతి ఖర్చుల కోసం చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగంలో ఎక్కువ గంటలు పని చేయడానికి పిల్లలకు దొరికే సమయం కూడా అదే. అందువల్ల మే, జూన్ నెలలు మేలని నేను అంటాను. పాఠాలు జరుగుతున్నా పరీక్షల ఒత్తిడి ఇంకా మొదలు కాదు. క్రైస్తవుల పెంతెకోస్తు పండుగ వారంలో ఆ విశ్వవిద్యాలయంలో మామూలు పాఠాలు ఉండవు కనుక నాలుగు రోజులు పిల్లలతో కలిసి తిరగవచ్చు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా అక్కడ వెలుతురు ఉంటుంది. విజయవాడలోనూ రామగుండంలోనూ ఎండలు మండిపోయే రోజుల్లో ఇక్కడి నుంచి తప్పించుకున్నట్లూ అవుతుంది. ఏది ఎలా ఉన్నా, టికెట్లు కొనే ముందు పరీక్షల తేదీలు పిల్లలనే అడిగి తెలుసుకోవాలి.

మే నెలలో ప్రయాణమైతే డిసెంబరు, జనవరుల్లోనే వీసా పని మొదలుపెట్టడం మంచిది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజుల ముందు వరకే గడువు ఉంటుంది. వేసవి దగ్గర పడేకొద్దీ అపాయింట్‌మెంటు దొరకడం కష్టమవుతుంది. ఐరోపాలోని చాలా దేశాలకు ఒకే వీసాగా చెల్లే షెంజెన్ వీసాకు పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది ఇందులో ముఖ్యమైన నియమం. అయిదు దేశాలు తిరిగేవాళ్లు ఏ దేశంలో ఎన్ని రాత్రులో లెక్కలు కట్టుకోవలసి వస్తుంది కానీ, ఒకే ఊళ్లో మకాం పెట్టేవాళ్లకు ఆ తికమక ఉండదు. పిల్లల విద్యార్థి ధ్రువపత్రం, నివాస అనుమతి పత్రం నకలు, వాళ్లు రాసిన ఆహ్వాన లేఖ, మన బ్యాంకు ఖాతా వివరాలు అన్నీ ఒకే కథ చెప్పేలా ఉంటే చాలు.

బస విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లల గదిలో దిగవద్దు. విద్యార్థి వసతి గృహాల్లో అతిథులు రాత్రి ఉండడానికి షరతులు ఉంటాయి, వంటగదేమో నలుగురైదుగురు పంచుకునేది. ఫ్రిజ్‌లో మన పిల్లవాడి వాటా ఒక్క అరే అయితే, మనం తెచ్చిన పచ్చళ్లు, పొడులు ఆ అర దాటి పక్కవాడి అరలోకి పాకుతాయి. ఎండుమిర్చి ఇంగువ పోపు పెడితే పైకప్పుకు బిగించిన పొగ అలారం కూడా మోగవచ్చు. వంటగది ఉన్న చిన్న అపార్టుమెంటును, పిల్లల గదికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, వారాల లెక్కన అద్దెకు తీసుకుంటే హోటలు కంటే చవక అవుతుంది, సాయంత్రం పిల్లలే మన ఇంటికి భోజనానికి వస్తారు. వాళ్ల స్నేహితులనూ వెంట తీసుకొస్తారు కనుక బియ్యం కాస్త ఎక్కువే కొనిపెట్టుకోవాలి. పొయ్యి ఇండక్షన్‌ది అయితే అల్యూమినియం కుక్కరు దాని మీద పనికిరాదు.

పిల్లలు క్లాసుకు వెళ్లాక రోజంతా ఏం చేయాలన్న బెంగ అక్కర్లేదు. ఆఖెన్ పాత ఊరంతా నడిచి చూడగలిగినదే. పశ్చిమ ఐరోపాలో చాలా భాగాన్ని ఏలి, 814లో మరణించిన షార్లెమేన్ చక్రవర్తిని ఖననం చేసిన కేథడ్రల్, అంటే పెద్ద చర్చి, అక్కడ ఉంది. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన మొట్టమొదటి జర్మన్ కట్టడం అదే. 936 నుంచి 1531 వరకు జర్మన్ రాజుల పట్టాభిషేకాలు అక్కడే జరిగాయి. సింహాసనం అంటే బంగారం, రత్నాలు ఊహించుకునే మనకు అక్కడి సింహాసనం ఆశ్చర్యం కలిగిస్తుంది, ఎందుకంటే అది అలంకారం ఏమీ లేని పాలరాతి పలకలను కూర్చి చేసిన ఆసనం. దానిని చూడాలంటే గైడుతో వెళ్లాలి. అక్కడికి దగ్గరలోనే స్తంభాల మండపంలో భూగర్భం నుంచి వేడి గంధకపు నీళ్లు వస్తుంటాయి. వాసన కుళ్లిన కోడిగుడ్డుదే కానీ, ఆ ఊరు పుట్టింది ఆ నీళ్ల వల్లే, రోమన్లు వచ్చి స్నానశాలలు కట్టుకున్నదీ వాటి కోసమే. మరో రోజు సిటీ బస్సెక్కి సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌లోని వాల్స్ అనే ఊళ్లో దిగి, కొండ మీదికి నడిస్తే మూడు దేశాలు కలిసే స్థలం వస్తుంది. 322 మీటర్ల ఆ కొండను నెదర్లాండ్స్‌కు ఐరోపాలో ఉన్న నేలలో అత్యున్నత శిఖరమని చెబుతారు. తిరుమల మెట్లు ఎక్కిన కాళ్లకు అది శిఖరమంటే నవ్వు వస్తుంది. వీసా ఒకటే అయినా పాస్‌పోర్టు వెంట ఉండాలి, ఎందుకంటే 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి వద్దా తనిఖీలు మొదలుపెట్టింది.

దూరం వెళ్లాలనిపిస్తే రైను నది లోయను మించినది లేదు. కొలోన్ నగరం మీదుగా, ఆ నది ఒడ్డునే ఉన్న కోబ్లెంజ్ అనే ఊరు చేరడానికి ప్రాంతీయ రైళ్లలో రెండున్నర, మూడు గంటలు పడుతుంది. కొలోన్‌లో రైలు మారేటప్పుడు స్టేషను బయట అడుగు పెడితే చాలు, 157 మీటర్ల జంట శిఖరాల చర్చి ఎదురుగా నిలబడి ఉంటుంది. 1248లో మొదలైన ఆ నిర్మాణం 1880లో గానీ పూర్తి కాలేదు. కోబ్లెంజ్ నుంచి ఎడమ గట్టు రైలు నది పక్కనే సాగుతుంది. దక్షిణానికి వెళ్తున్నప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవాలి, నది అటే ఉంటుంది. ద్రాక్ష తోటల వాలులు, గుట్టకో పాత కోట, నీటి మీద నెమ్మదిగా కదిలే సరుకు పడవలు కనిపిస్తాయి. బఖరాఖ్ వంటి చిన్న ఊళ్లో దిగి భోజనం చేసి, పడవలో ప్రవాహం వెంట కిందికి వస్తే 132 మీటర్ల లోరెలై కొండ మలుపు నీటి మీద నుంచి కనిపిస్తుంది. ఎదురు ప్రవాహంలో వెళ్లే పడవ చాలా నెమ్మదిగా వెళ్తుంది కనుక పైకి రైల్లో వెళ్లి, కిందికి పడవలో రావడమే సుఖం.

ఈ తిరుగుళ్లకు నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్ కొనుక్కుంటే, జర్మనీ మొత్తం మీద ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు. అతివేగ రైళ్లలో, నది పడవల్లో అది చెల్లదు. అది చందా పద్ధతిలో నడుస్తుంది కనుక నెల పదో తేదీలోపు రద్దు చేయకపోతే మరుసటి నెల డబ్బు కూడా కట్టవలసి వస్తుంది. నెల మొదట్లో చేరుకునేలా విమాన టికెట్లు తీసుకుంటే ఒక నెల చందాతోనే పని జరుగుతుంది. రైళ్లు ఆలస్యం కావడం అక్కడ మామూలే, అందుకే చివరి రైలు మీద ఆధారపడకూడదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, పాలు, కూరలు శనివారమే తెచ్చిపెట్టుకోవాలి.

ఇక సామాను సంగతి. రోజూ వేసుకునే మందులు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. కాబట్టి నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా కస్టమ్స్ వాళ్లు తీసి పారేస్తారు. చేపలు, రొయ్యలకు మాత్రం పరిమితి మేరకు అనుమతి ఉంది కనుక రొయ్యల పచ్చడికి అభ్యంతరం లేదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి నిశ్చింతగా వెళ్తాయి. పచ్చి కరివేపాకుకు, మామిడి పళ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అది లేకుండా తీసుకువెళ్లడం కుదరదు. కొబ్బరికాయకూ అరటిపండుకూ ఆ పత్రం అక్కర్లేదు.

సెలవు. నమస్కారం.