ట్రాంబోన్‌తో పాడించిన వయొలిన్ విద్వాంసుడు

అందరికీ నమస్కారం. ఇవాళ మనం వినబోయేది ఒక్కటే రచన, తొమ్మిది నిమిషాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పేరు వోక్స్ గాబ్రియెలి, ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదు వాద్యానికీ పియానోకీ రాసిన సొనాట, అంటే పాట లేకుండా వాద్యాల కోసమే చేసిన రచన. రాసినాయన స్త్యేపాన్ షూలెక్, క్రొయేషియా స్వరకర్త. ఆయన ఆర్కెస్ట్రా కోసం సింఫనీలనే పెద్ద రచనలు చేశారు, క్లాసికల్ కన్చెర్టోలని పేరు పెట్టి నాలుగు పెద్ద రచనలు చేశారు, షేక్‌స్పియర్ నాటకాల మీద కొరియోలన్, తుపాను అని రెండు ఒపెరాలు కట్టారు. కానీ తన దేశం బయట ఆయన్ని బతికిస్తున్నవాళ్లు ఎక్కువగా ట్రాంబోన్ విద్యార్థులే. నాకు ఇది చాలా ఇష్టమైన విషయం, కొంచెం బాధ పెట్టే విషయం కూడా.

షూలెక్ 1914 ఆగస్టులో జాగ్రెబ్‌లో పుట్టారు, 1986 జనవరిలో అక్కడే పోయారు. ఊరు ఒకటే, దేశమే మారుతూ వచ్చింది. పుట్టేనాటికి అది ఆస్ట్రియా-హంగరీ, నాలుగేళ్లు దాటగానే సామ్రాజ్యం కూలి రాజుల యుగోస్లావియాకి దారి పడింది, యుద్ధంలో నాజీల అండతో నడిచిన రాజ్యం, 1945 తర్వాత కమ్యూనిస్టు నాయకుడు టిటో యుగోస్లావియా. 1991లో వచ్చిన క్రొయేషియా స్వాతంత్ర్యాన్ని ఆయన చూడలేదు.

ఆయన నేర్చుకున్నది వయొలిన్, జాగ్రెబ్ సంగీత అకాడమీలో వాత్స్లావ్ హుమ్ల్ దగ్గర. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను. తర్వాత ఆర్కెస్ట్రాలు నడిపారు, అదే అకాడమీలో స్వరరచన బోధించారు. ఆయన దగ్గర చదివిన మిల్కో కెలెమెన్ 1961లో జాగ్రెబ్ బియెనాలే అనే ఉత్సవం మొదలుపెట్టి కొత్త సంగీతాన్ని, వింత వింత ప్రయోగాలన్నిటినీ ఆ ఊరికి రప్పించారు. గురువుగారు మాత్రం అటు పోలేదు. బాఖ్ కాలం నాటిలా పలు రాగరేఖల్ని ఒకదానితో ఒకటి అల్లే పద్ధతి, పాడుకోవడానికి వీలున్న రాగరేఖ, ఒక ఆధార స్వరం చుట్టూ తిరిగే సామరస్యం, వీటినే పట్టుకుని ఉన్నారు. పాతకాలపు మనిషి అని ఎవరైనా అనొచ్చు, నేనైతే అనను. తనకు వినిపించిందే రాశారు, అంతే.

ఇక ట్రాంబోన్ సంగతి. 1972లో ట్రాంబోన్ వాద్యకారులంతా కలిసి ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం అడిగితే షూలెక్ 1973లో ఈ సొనాట రాశారు. వాళ్లు ఎందుకు అడిగారో అర్థం చేసుకోవాలంటే ఆ వాద్యం పరిస్థితి తెలియాలి. ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాళ్లు ఎక్కువసేపు ఊరికే కూర్చుంటారు. బ్రామ్స్ మొదటి సింఫనీలోనైతే చివరి భాగం వచ్చేదాకా ఒక్క స్వరం కూడా ఉండదు. ఒంటరిగా ముందు నిలబడి వాయించడానికి మంచి రచనలు తక్కువ. 1837లో ఫెర్డినాండ్ డేవిడ్ కన్చెర్టినో, 1941లో హిండెమిత్ సొనాట, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోవాల్సిందే.

పేరులో ఉన్న గాబ్రియెలి ఎవరంటే, మామూలుగా చెప్పేది గబ్రియేలు దూత అని, అంటే గబ్రియేలు స్వరం. లోకాంతాన బూర ఊదేది ఈ దూతేనని తర్వాతి కాలపు క్రైస్తవుల నమ్మకం. మన తెలుగు బైబిల్లో కడబూర అన్న చోట లూథర్ జర్మన్ బైబిల్లో పొజౌన అని ఉంటుంది, ఇవాళ్టి జర్మన్‌లో ట్రాంబోన్‌ని పిలిచే మాట అదే. చనిపోయినవాళ్ల కోసం పాడే ప్రార్థనకి మోజార్ట్ కట్టిన రెక్వియెంలో ఆ బూర మాట వచ్చేసరికి ట్రాంబోన్ ఒంటరిగా మోగడానికి కారణం కూడా ఇదే. నాకైతే 1597లో ఆరు ట్రాంబోన్లతో సొనాట అచ్చు వేయించిన వెనిస్ స్వరకర్త జొవాన్ని గాబ్రియెలి కూడా గుర్తొస్తారు.

ఇప్పుడు వయొలిన్ దగ్గరికి. వయొలిన్ తీగ మీద మెట్లుండవు, స్వరం ఎక్కడుందో చెవే చెప్పాలి. ట్రాంబోన్‌లో ముందుకీ వెనక్కీ జరిపే గొట్టాన్ని స్లైడ్ అంటారు, దాని మీదా గుర్తులుండవు, ఏడు స్థానాలున్నాయి గానీ చెయ్యి ఎక్కడ ఆగాలో చెప్పేది చెవే. అందుకే ఒక వయొలిన్ మనిషి ఈ ఇత్తడి గొట్టాన్ని ఇంత బాగా అర్థం చేసుకోగలిగారని నా నమ్మకం. ఆయన రాసినవి కమాను ఒక్క లాగులో లాగినట్టుండే పొడవైన వాక్యాలు. వాయించేవాడికి ఉన్నది మాత్రం ఊపిరి ఒక్కటే. పైగా స్వరం నుంచి స్వరానికి స్లైడ్ జరుపుతున్నప్పుడు గాలి ఆగకూడదు, అలాగని మధ్యలో ఊఁయ్‌మని జారిన శబ్దం వినపడకూడదు, అందుకని నాలుకని టకారంలా కొట్టకుండా మెత్తగా డ అన్నట్టు తాకిస్తారు. ఈ తంటాలేవీ మనకి తెలియకుండా పాటలా వినిపించాలి. మొదటిసారి విన్నప్పుడు నేను దీన్ని మనిషి గొంతే అనుకున్నాను, ట్రాంబోన్ అంటే నాకు అప్పటిదాకా పెళ్లి ఊరేగింపు బ్యాండులో వెనక గట్టిగా మోగేది మాత్రమే.

వినేటప్పుడు ట్రాంబోన్ ఒక్కదాన్నే పట్టుకోకండి. పియానో ఇక్కడ పక్కవాద్యం కాదు, ఉరకలు వేసే స్వరాల కెరటాలన్నీ దానివే, ఆ భాగం సాధన చేసినవాళ్లకే తెలుసు ఎంత కష్టమో. మధ్యలో విరామం లేదు, అంతా ఒకే భాగం. ట్రాంబోన్ ఊపిరి తీసుకునే చోట్లలో పియానో ఏం చేస్తోందో గమనించండి. వాల్యూం ఇంకొంచెం పెంచండి బాబూ, పెట్టేయండి.