పిడికెడు బియ్యం, ఒక్క రొట్టె

ప్రభువు నామంలో అందరికీ వందనాలండీ. పాస్టర్ గారికి, పెద్దలకి, వెనక పొయ్యిల దగ్గరున్న అక్కలకి కూడా. బైబిల్లో ఆహారం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. మన్నా, చేదుకూరలు, తేనె, చేప అని కాగితం మీద రాసుకొచ్చా, చూద్దాం ఎక్కడిదాకా వెళ్తామో.

ముందు రొట్టె. యేసు ఐదువేల మందికి పెట్టినవి యవల రొట్టెలని, అంటే బార్లీ రొట్టెలని, యోహాను ఒక్కడే రాశాడు. యవలంటే పేదోళ్ల తిండి. ప్రకటన గ్రంథం 6లో చూడండి, దేనారానికి, అంటే ఒక వెండి నాణేనికి, గోధుమలు సేరే, యవలైతే మూడు సేర్లు. మన సంకటి లాంటిదన్నమాట.

తర్వాత డిడాకే అని తొలి సంఘాల పుస్తకం ఒకటుంది, దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, 1883లో అచ్చేశారు. అందులో రొట్టె విరిచేటప్పటి ప్రార్థన ఉంది. కొండల మీద చెదిరి ఉన్నది పోగై ఒక్క రొట్టె అయినట్టు నీ సంఘం కూడా పోగవ్వాలి అని. ఇది చదివినప్పుడల్లా నాకు మా అమ్మ డబ్బానే గుర్తొస్తది.

ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి డబ్బాలో వేసేది, మాకు చాలకపోయినా సరే. ఆదివారం గుడిలో గోనెసంచిలో పోసేవాళ్లు, సన్నబియ్యం, స్టోరు బియ్యం, నూకలు అన్నీ కలిసిపోయేవి, ఎవరివి ఏవో ఇంక తెలీదు. డిడాకే అంటే అదేనండీ!

కానీ క్రిస్మస్ ప్రేమవిందుకి మొదటి బంతిలో ఎవరు కూర్చునేవాళ్లు? ఉద్యోగస్తులు, కమిటీవాళ్లు. తెల్లారుజామున లేచి మసాలా నూరిన మా అమ్మ వాళ్లది మూడో బంతి. ఆమె విస్తట్లో ముక్క లేదు, పులుసే. నేను పక్కనే ఉన్నా, పదేళ్లోణ్ని. "కడుపు నిండిందిలేరా" అంది. ఏ సంఘమో చెప్పను, కానీ ముక్క లేదండీ, ఇప్పటికీ మర్చిపోలేదు.

కొరింథు ఊళ్లో తొలి సంఘంలోనూ ఇదే గొడవ. ఆ కాలపు పెద్దిళ్లల్లో భోజనాల గదిలో తొమ్మిదిమందికే చోటు, మిగతావాళ్లు బయట వాకిట్లో అనుకోండి. ఒకడు ఆకలితో, ఇంకొకడు మత్తులో ఉన్నాడని పౌలు వాళ్లకి రాసిన మొదటి ఉత్తరం 11వ అధ్యాయంలో తిట్టాడు, ఒకరికోసం ఒకరు ఆగండి అన్నాడు. ఆ అధ్యాయంలోంచే మనం ప్రతి ప్రభు బల్లకీ, అదే రొట్టె, ద్రాక్షరసం పంచుకునేటప్పుడు, చదువుతాం, కానీ "నేను మీకు అప్పగించినది" దగ్గర మొదలెడతాం, పైనున్న తిట్లు వదిలేస్తాం. ఎందుకని వదిలేస్తాం, చెప్పండి?

చేప సంగతి ఇంకోసారి చెప్తా. వచ్చేటప్పుడు షామియానా కింద చూశా, రెండు బల్లలేశారు, ఒకదానికే తెల్లగుడ్డ పరిచారు. కుర్రాళ్లూ, ఎవరైనా లేచి ఆ గుడ్డ తీసేయండమ్మా, నేను ఈలోపు నీళ్లు తాగుతా.